బోణి మాట

లవంగాల పొట్లానికి దారం చుట్టబోయి, ఉమాకాంతం మళ్లీ విప్పాడు. లవంగం కాదు, ఇంగువ పెడితేనో? ఆ ఘాటుకైనా పిల్ల నోరు తెరుస్తుందేమో. జగ్గయ్యపేట బజార్లో ఆ కిరాణా కొట్టు ఒకప్పుడు నాన్నది, ఇప్పుడు అన్న చెన్నకేశవరావుది. అన్న అగరొత్తి వెలిగిస్తూ ఎప్పటిలాగే దెప్పాడు.

"కొట్లో కూర్చోరా అంటే బళ్లో ఉద్యోగం అన్నాడు. తీరా బళ్లోకి పోయి కొట్టు పెట్టాడు."

రోజూ అయితే ఉమాకాంతం నవ్వేసేవాడే. ఇవాళ శనివారం. ఇంగువ కూడా పొట్లం కట్టి సంచిలో వేసుకున్నాడు.

నందిగామలో బస్సు మారి, వీరులపాడు దాటాక దిగి, బడికి మైలు దూరం నడవాలి. ఉమాకాంతం సన్నటి మనిషి, నుదుట విభూతి, కుడిచేతి చొక్కా అంచుకి ఎప్పుడూ సుద్దపొడి. ఇరవయ్యారేళ్ల నౌకరీలో ఆయన్ని ఎవరూ సన్మానించిందీ లేదు, తిట్టిందీ లేదు. ఆయనకున్న విద్యల్లా ఒక గుడ్డసంచీ, నాన్న వాడేసి పక్కన పెట్టిన ఇత్తడి తక్కెడ. పిల్లలు సంచిలో చెయ్యి పెట్టాలి. లోపలున్నదాన్ని చూడకుండా, తడిమి, వాసన చూసి, దాని గురించి తోచిన మాటలన్నీ చెప్పాలి. మాటకో చింతగింజ. ఒక పళ్లెంలో బలపం, రెండో పళ్లెంలో గింజలు. గింజల పళ్లెం కిందికి దిగితే బలపం ఆ పిల్లదే. మొదటి తరగతి పిల్లలు కూడా "గరుకు", "ఘాటు", "బరక" అంటూ మాటలు వెతుక్కునేవాళ్లు.

మూడో తరగతి రాజ్యం మాత్రం ఒక్క గింజ వెయ్యలేదు. దసరాల్లో తల్లి పోయినప్పట్నుంచీ ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. రోజూ బోణి దానిదే అని ఉమాకాంతం పట్టుబట్టాడు. బోణి బేరం ఎంత బెట్టు చేసినా విసుక్కోకూడదని నాన్న అనేవాడు. నాలుగు నెలలుగా ఆ పిల్ల రోజూ సంచిలో చెయ్యి పెడుతుంది, తీస్తుంది, వెళ్లి కూర్చుంటుంది.

సోమవారం పిల్ల అమ్మమ్మ బసవమ్మ బడికి వచ్చింది. మిరప కోతల మనిషి, వేళ్లన్నీ ఎర్రబడి ఉన్నాయి. "నోరిప్పని పిల్లకి బడెందుకు సారూ? శనివారం దాకా చూస్తా," అని వెళ్లిపోయింది. పలికితే ఉంచుతుంది, పలక్కపోతే మానిపిస్తుంది అనుకున్నాడు ఉమాకాంతం.

గంట కొట్టగానే రాజ్యం వచ్చింది. చెయ్యి పెట్టింది. ఇంగువ వాసనకి ముక్కు చిట్లించి, తల వంచుకుని నిలబడింది.

వెనక వరసలోంచి కృష్ణప్రియ లేచింది. "సార్, దానికి ఇయ్యేం తెలీదండీ. వాళ్లింట్లో ఉండవండీ."

ఆయన బల్లమీది పొట్లాలకేసి చూశాడు. లవంగాలు, జాజికాయ, ఇంగువ, సోంపు. ఇరవయ్యారేళ్లుగా ఆ సంచిలోకి వెళ్లిందంతా తన కొట్లో సరుకే. పిల్ల నోరు మూసుకుందని ఇన్నాళ్లూ బెంగపడ్డాడు గానీ, తనే ముయ్యించాడేమో. సిగ్గేసింది.

సంచి ఖాళీ చేసి రాజ్యానికిచ్చాడు. "ఇవాళ నువ్వు పెట్టమ్మా. నేను చెబుతా."

పిల్ల బయటికి నడిచింది. బడి వెనక మిరపకాయలు ఆరబోసిన కళ్లం ఉంది. సంచి మూతి బిగించి పట్టుకుని తిరిగొచ్చింది. ఉమాకాంతం కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాడు. తేలిగ్గా, గలగలమంటూ తగిలింది.

"ఎండు మిరపకాయ."

పిల్ల కాదని తలూపింది. ఆయన మళ్లీ తడిమాడు. మిరపకాయే.

"తాలు," అంది రాజ్యం. గొంతు బొంగురుగా ఉంది.

ఉమాకాంతం కదల్లేదు. కదిలితే ఆ మాట ఎక్కడ బెదిరిపోతుందో అని భయం. "తాలంటే ఏంటమ్మా?"

"తెల్లకాయ. రంగుండదు, గింజ ఉండదు. ఏరి పక్కనేస్తారు. మా అమ్మ ముట్టుకునే చెప్పేది."

పిల్ల ఒక్కో మాటే చెబుతూ పోయింది, కృష్ణప్రియ మాటకో గింజ వేసింది. తాలు, తొడిమ, కళ్లం, కోత, మంట, అమ్మ. తొమ్మిదో గింజకి పళ్లెం కిందికి దిగింది. బసవమ్మకి చూపించాలని తక్కెడని అలాగే ఉంచేశాడు. ఉమాకాంతం కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడిచాడు.

బడి వదిలే వేళకి బసవమ్మ వచ్చింది. "అమ్మమ్మా," అంది రాజ్యం. బసవమ్మ మెట్టుమీదే కూలబడి, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గండం గడిచిందనుకున్నాడు ఉమాకాంతం.

"మీ మేలు మర్చిపోను సారూ," అంది ఆమె లేస్తూ. "పిలిస్తే పలకని పిల్లని కోత వరసలో పెట్టుకోనన్నాడు కూలి మేస్త్రి. ఇప్పుడు పెట్టుకుంటాడు. రేపు మధిర కోతలకి ట్రాక్టరెక్కుతున్నాం."

"శనివారం దాకా చూస్తానన్నావు కదా బసవమ్మా."

"చూశాగా సారూ. పలికిందిగా."

ఉమాకాంతం తక్కెడలోంచి బలపం తీసి రాజ్యానికి ఇవ్వబోయాడు. బసవమ్మ మెల్లిగా ఆయన చెయ్యి వెనక్కి నెట్టింది. "కోతకి పోయేదానికి బలపం ఎందుకులెండి. ఇంకో పిల్లకియ్యండి." పిల్ల గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

పొట్లాలన్నీ సంచిలో సర్దాడు. కొట్టు కట్టేసేటప్పుడు తక్కెడ ఖాళీ చెయ్యాలని నాన్న నియమం. ఉమాకాంతం దాని దాకా వెళ్లి, బలపాన్ని మళ్లీ పళ్లెంలోనే పెట్టి, తలుపు దగ్గరికి వేసి బస్సుకి నడిచాడు. కిటికీ పక్కన మేకుకి వేలాడుతున్న తక్కెడలో, తొమ్మిది చింతగింజల పళ్లెం కిందికే వాలి ఉంది.