మంద కొండెక్కకముందే

గంపలు ఒక్కొక్కటే ఎత్తి గొర్రెపిల్లలను వదులుతున్నాను. మంద మేతకు పోకముందే పిల్లలు పాలు తాగాలి. దొడ్డిలో నా పొద్దుటి పని ఇదే. పిల్ల ఒక్కసారి అరిస్తే చాలు, అంత మందలోనూ దాని తల్లి తల ఎత్తుతుంది. రంగు చూసి కాదు, గొంతు విని.

ఆ పొద్దున తడిక ఊడి నాలుగైదు గొర్రెలు బాట మీదికి పోయాయి. నేను పిలిచాను. నాలుకను రెండుసార్లు అంగిలికి కొట్టి, తర్వాత "హుర్రియో" అని గొంతు సాగదీసి మెల్లగా కిందికి దించాను. ఇది మా నాయిన గట్టయ్య పిలుపు. నా చిన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకుని నేర్పాడు. గొర్రెలు తిరిగి వచ్చాయి. వాటి వెనక ఒక ముసలి ఫకీరు కూడా వచ్చి తడిక దగ్గర ఆగాడు. జానపహాడ్ ఉర్సు చూసుకుని కాజీపేట దర్గాకు నడిచిపోతున్నాడట.

"మళ్లొక్కసారి పిలువు, బేటీ," అన్నాడు.

చల్లచెంబుతో బయటికి వచ్చిన అవ్వ నవ్వింది. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. "మా ఆండాలు పిలిస్తే గొర్రెలే వస్తయనుకున్న. ఫకీర్లు గూడ వస్తరా తాతా?"

"నవ్వకమ్మా. గీ పిలుపు నేను విన్న. గీడ గాదు. ఉత్తరాన, కాంగడా కొండలల్ల."

అవ్వ నవ్వు ఆగిపోయింది.

గొర్రెలకు రోగం వచ్చి సగం మంద పోయిన ఏడు, సూర్యాపేట మీదుగా పోతున్న బైరాగులతో కలిసి నాయిన ఇల్లు వదిలాడు. హిమాలయాల్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కి, మిగిలిన మందను వాళ్లకు అప్పజెప్పి ఆరు నెలల్లో వస్తానన్నాడు. పన్నెండేళ్లు గడిచాయి. నాయిన వస్తాడనే నా పెళ్లి కూడా ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది.

ఫకీరు అరుగు మీద కూర్చుని చల్ల తాగుతూ చెప్పాడు. "నేను గుడి ఇడువలే, దర్గా ఇడువలే, మసీదు ఇడువలే. జ్వాలాముఖి అని ఒక అమ్మవారుంది. నూనె లేదు, వత్తి లేదు, రాతిల నుంచి మంట లేస్తది. చేతులు కాపుకొని కండ్లకద్దుకున్న. గుట్ట దిగితే పాత మసీదు. మెట్ల మీద ఎండకు కూసున్న. కింద మంద మేస్తున్నది. గొంగడి కప్పుకున్న మనిషి ఒకడు గిట్లనే పిలిచిండు. ఆ గొర్లోళ్లు ఈలేస్తరు గని, గిట్ల పిలువరమ్మా."

"మొఖం సూసినవా?"

"దూరం."

"ఎప్పటి మాట?"

"జర్మన్ లడాయి ఖతమైన చలికాలం. ఏడాదైతది."

అవ్వ అంత సులభంగా నమ్మే మనిషి కాదు. పక్క దొడ్డి మల్సూర్‌ను కేకేసి, అతని మందను పిలవమంది. అతను పిలిచాడు. ఫకీరు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నన్ను పిలవమంది.

"గిదే. గని బేటీ, నీదాంట్ల ఆఖరు లేదు. ఆయనకు ఆఖర్ల సన్నగ ఈల లెక్క వస్తది. కావాలని ఏసింది గాదు, గాలి జారినట్టు."

అవ్వ చెంబును గోడ మీద పెట్టింది. పొట్టేలు పొడిచి నాయినకు ముందుపన్ను విరిగింది. ఆ సందులోంచి గాలి జారేది. ఆ సంగతి నేను మరిచిపోయాను, ఊరు మరిచిపోయింది. ఫకీరుకు ఎవరూ చెప్పలేదు.

"మంద ఇంక ఆ గుట్ట కిందనే ఉంటదా తాతా?"

"చలికాలం కిందికి దిగుతది. ఎండలు ముదిరితే మళ్లా మంచు కొండలెక్కుతది. అప్పుడు ఎవలికి దొరుకుతదమ్మా?"

అవ్వ అతనికి జొన్నరొట్టెలు కట్టిచ్చి సాగనంపింది. మాపటికి పెద్దనాయిన ఐలన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకముందే చెప్పేసింది.

"బావా, నేను పోత."

ఒకే వాకిలి, రెండు పొయ్యిలు మావి. పెద్దనాయిన ఆ వారమే కులపెద్దలతో మాట్లాడి వచ్చాడు. వచ్చే అమావాస్యకు గడ్డిబొమ్మ చేసి నాయిన పేరున కాల్చాలి. అదే రోజు అవ్వ బొట్టు తీయాలి, గాజులు పగలగొట్టాలి. పన్నెండేళ్లు జాడ లేని మనిషికి మాలో అదే పద్ధతి.

"ఓ సాయిబు మాట పట్టుకొని పోతవా?" అన్నాడు పెద్దనాయిన.

"జానపహాడ్ల యాటను కోసి కందూరు జేసినప్పుడు సాయిబు దువా సదివితెనే గద నువ్వు ముద్ద ముట్టేది. గా మాట చెల్లుతది గని గీ మాట చెల్లదా?"

"ఉప్పలమ్మా, నీ మీద పగతోని చెయ్యమంటలేను." పెద్దనాయిన గొంతు తగ్గింది. "బొమ్మకు నిప్పు పెట్టకుంటె వాడు పిండం లేక తిరుగుతడు. నా తమ్ముడు ఆకలికి తిరుగుతుంటె నాకు ముద్ద దిగుతదా?"

"ఆకలికి తిరుగుతున్నడో, మంద కాస్తున్నడో సూసొస్త. లేడని తెలిస్తే ఆ జ్వాలాముఖి మంట ముందర్నే నా బొట్టు నేనే తీసొస్త. గీడ నువ్వు చెయ్యి పెట్టకు."

పెద్దమ్మ జంగమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "కోదాడ దాటి ఎరుగనిదానివి, హిమాలయం పోతవా? పెండ్లైన ఏడు మిర్యాలగూడ సంతల్నే తప్పిపోతివి గదనే!"

"తప్పిపోతి. ఎట్ల దొరికిన్నో చెప్పు అక్కా."

పెద్దమ్మ పొయ్యిలోకి కట్టె తోసింది. అవ్వే చెప్పింది. "నీ మరిది సంత నడుమ నిలబడి, మందను పిలిచినట్టు పిలిచిండు. సంతంత నవ్వింది. నాకు సిగ్గుతోని సచ్చినట్టైంది. గని దొరికిన. ఆయన నన్ను ఇడిసిపెట్టి రాలే. నేనెట్ల ఇడిసిపెడత?"

పెద్దనాయిన కంచం ముందు కూర్చున్నాడు. తిన్నాడో లేదో నేను చూడలేదు.

మర్నాటి నుంచి అవ్వ నా దగ్గర పిలుపు నేర్చుకోసాగింది. మా ఇళ్లలో ఆడవాళ్లు దొడ్డి ఊడుస్తారే తప్ప మంద వెంట పోరు. అందుకే అవ్వకు అది రాదు. నాలుక కొట్టడం వెంటనే పట్టుబడింది. గొంతు దించడం రాలేదు. అవ్వ పిలిస్తే గొర్రెలు నెమరు వేస్తూ అటే చూసేవి, కదిలేవి కావు.

"గీ పిలుపుకు గొర్లు రావు, నక్కలొస్తయి," అనేది పెద్దమ్మ.

"రానియ్యి. వాటినే కాస్త," అనేది అవ్వ.

"అంత దూరంల నీకు భాష రాదు గదనే అవ్వా, ఏమని అడుగుతవు?" అన్నాను ఒకరోజు.

"అడగ. పిలుస్త. గుడి కాడ, దర్గా కాడ, మసీదు మెట్ల కాడ, చలికి మనుషులు చేరే తావు ఏదైతే గక్కడ నిలబడి పిలుస్త. ఎవల దేవుడు నిలబడనిస్తే ఆ దేవునికి మొక్కుత. వింటే వస్తడు. రాకుంటె ఎరిగినోళ్లన్న వస్తరు."

మా ఊరి బడిలో నేను నాలుగు తరగతులు చదివాను. గోడకు వేలాడే పటంలో హిమాలయాలు పైన గొర్రె వెన్ను లాగా ఉండేవి. వాకిట్లో ముగ్గుపిండితో ఆ పటం గీసి, మనం ఇక్కడ, అవి అక్కడ అని చూపించాను. అవ్వ తన జానతో కొలిచింది. "రెండు జానలే గద," అంది. ఆ వారమే రెండు పొట్టేళ్లను అమ్మేసింది. నాయిన నేసి దాచిన నల్లగొంగడిని బయటికి తీసి ఎండకు వేసింది.

ఒక మాపు మంద దొడ్డికి చేరుతోంది. అవ్వ తడిక దగ్గర నిలబడి పిలిచింది. నాలుక రెండుసార్లు చప్పుడైంది. గొంతు సాగి, దిగి, చివర పళ్ల సందులోంచి సన్నగా గాలి జారింది. మంద మొత్తం తల ఎత్తింది. ముందు ముసలి గొర్రె కదిలింది, తర్వాత మిగతావన్నీ అవ్వ కాళ్ల చుట్టూ మూగాయి.

ఇంట్లో కంచం పడిన చప్పుడు. పెద్దనాయిన ఎంగిలి చేత్తో, తలపాగా లేకుండా బయటికి ఉరికొచ్చాడు. "గట్టయ్యా! వచ్చినవారా!"

వాకిట్లో నిలిచి చుట్టూ చూశాడు. అవ్వను చూశాడు. గొర్రెలను చూశాడు. "నువ్వా," అన్నాడు. గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

గడ్డిబొమ్మ మాట మళ్లీ ఆయన ఎత్తలేదు. గడ్డి కోయడానికి వచ్చిన కులపోళ్లను కూడా తడిక దగ్గర నుంచే పంపేశాడు. అలాగని అవ్వను పొమ్మనీ అనలేదు.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగా అవ్వ తల దువ్వుకుంది. రూపాయంత బొట్టు పెట్టుకుంది. రొట్టెల మూట, గొంగడి గడప పక్కన పెట్టింది. సూర్యాపేట దాకా నడక, అక్కడి నుంచి బస్సు, ఖమ్మంమెట్టులో రైలు. మందను నాకూ మల్సూర్‌కూ అప్పజెప్పింది.

పెద్దమ్మకు ఇప్పుడు ఎగతాళి రావడం లేదు. "ఒక్కదానివే ఎట్ల పోతవే, ఉప్పలమ్మా? శివరాత్రి దాటనియ్యి. ఎవలన్న తోడు దొరుకుతరు."

"అప్పటికి మంద కొండెక్కుతదక్కా."

"కాశికి పోయినోడు కాటికి పోయినోడు ఒక్కటే అంటరు. పోయొస్తనని ఒక్క మాటన్న చెప్పి పోవే."

అవ్వ వంగి మూట ముడి బిగించింది. నాయిన ఆ మాట చెప్పే పోయాడు.

పెద్దనాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పటి నుంచి కూర్చున్నాడో తెలియదు. మేము లేచేసరికే అక్కడ ఉన్నాడు. కాళ్లకు చెప్పులు ఉన్నాయి. అది నేను అప్పుడే చూశాను.

ఆయన లేచాడు. చూరులోంచి తన కర్రను తీసుకున్నాడు. గడప దగ్గరికి వచ్చి నాయిన గొంగడిని ఎత్తి తన భుజాన వేసుకున్నాడు. ఆయన అవ్వ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. వాకిలి దాటి, తడిక తీసి, సూర్యాపేట బాట పట్టాడు.

అవ్వ మూట అందుకుని ఆయన వెనక నడిచింది.