మూడు నదుల ఊరు, రెండు నదుల ఊరు

కృష్ణమోహన్ ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో ఇంజనీరు. భీమశంకర్ అయోవాలోని డెమోయిన్‌లో ఇంజనీరు. కాకినాడలో నాలుగేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లు. అమెరికా వచ్చాక ప్రతి ఆదివారం ఫోన్‌లో ఎవరి ఊరు గొప్పదో తేల్చుకోవడమే వాళ్ల పని.

తమ ఊళ్లో మూడు నదులు కలుస్తాయని కృష్ణమోహన్ చెప్పుకునేవాడు. తమకు రెండున్నాయనీ, అంతకు మించి ఏ ఊరికైనా దండగేననీ భీమశంకర్ అనేవాడు. ఇంగ్లిషు పేరులో రెండు ఎస్‌లు రాసి ఒక్కటీ పలకని డెమోయిన్ కూడా ఒక ఊరేనా అని కృష్ణమోహన్ ఎగతాళి చేసేవాడు. వెన్నతో నిలువెత్తు ఆవును చేసి జాతరలో నిలబెట్టే ఊరు ఇంకోటి చూపించమని భీమశంకర్ సవాలు విసిరేవాడు.

1982 మార్చిలో ఒక సాయంత్రం టీవీ వార్తల్లో ఫోర్ట్ వేన్ కనిపించింది. నదులు పొంగి వీధుల్లోకి వచ్చాయి. భీమశంకర్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆఫీస్‌కి సెలవు పెట్టి, తెల్లవారుతూనే కారు తీశాడు.

తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ నది వైపు చెయ్యి చూపింది. అక్కడ గట్టు మీద వందలమంది ఇసుక బస్తాలు నింపుతున్నారు. వాళ్ల మధ్య మోకాళ్లదాకా బురదలో, పార పట్టుకుని కృష్ణమోహన్ కనిపించాడు. భార్య శశికళ, పిల్లలు స్నేహితురాలి ఇంట్లో క్షేమంగా ఉన్నారని చెప్పాడు.

"ఫోన్ ఎత్తి చావొచ్చు కదరా," అన్నాడు భీమశంకర్.

"ఇంట్లో ఉంటే కదా ఎత్తడానికి. వచ్చావుగా, ఆ బస్తా మూతి పట్టుకో."

పట్టుకున్నాడు. చీకటి పడేదాకా వదల్లేదు. ఎడమకాలి బూటు బురద మింగేసింది. కాఫీ పోస్తున్న ఒక ముసలావిడ, ఏ ఊరు మీదని అడిగింది.

"ఈ ఊరే," అన్నాడు భీమశంకర్.

కృష్ణమోహన్ పార ఆపి అతని వైపు చూశాడు.

"డెమోయిన్ అంటే ఎక్కడుందని అడుగుతుందని అలా చెప్పాన్లే," అన్నాడు భీమశంకర్, ఇంకో బస్తా అందుకుంటూ.

వాళ్లు కట్టిన గట్టు నిలిచింది. మూడో రోజుకి నీళ్లు తీశాయి. కృష్ణమోహన్ ఇచ్చిన బూట్లు తొడుక్కుని భీమశంకర్ డెమోయిన్‌లో తన ఇల్లు చేరాడు. భార్య విద్యకు అన్నీ చెప్పాడు. హైస్కూల్ పిల్లలు, చర్చి పాస్టర్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు చేతి నుంచి చేతికి బస్తాలు అందించారట.

"మంచి ఊరే. ఈ మాట వాళ్లతో అనకు," అన్నాడు.

విద్య సరేనని తలూపింది. మర్నాడు మధ్యాహ్నం శశికళకు ఫోన్ చేసి పొల్లుపోకుండా చెప్పేసింది.

అది శశికళ నోట విన్న కృష్ణమోహన్ ఆ ఆదివారం తన ఊరి మాటే ఎత్తలేదు. డెమోయిన్‌లో వాతావరణం ఎలా ఉందని మర్యాదగా అడిగాడు, బాగుందంటే సంతోషించి ఫోన్ పెట్టేశాడు.

భీమశంకర్‌కి ఏమీ తోచలేదు. "వాడికి ఒంట్లో బాగాలేనట్టుంది," అన్నాడు విద్యతో దిగులుగా.