మాట మీద పోయిన ప్రాణం

ఆ మంగళవారం పొద్దున మౌంట్ నీబో చర్చిలో మగవాళ్ళ చేత తుపాకులు దింపించింది పాస్టర్ ఎజ్రా టాలివరే. నల్లవాళ్ళ ఓటుకి ఎవరూ అడ్డుపడకూడదని కొత్త చట్టం వచ్చాక అలబామాలో జరుగుతున్న మొదటి షెరీఫు ఎన్నిక అది. లోరీ కౌంటీలో తలలు లెక్కపెడితే నల్లవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ వారంలో వాళ్ళ ఇళ్ళు రెండు తగలబెట్టారు.

"దేవుని ఇంట్లోంచి బయల్దేరుతున్నాం. ఉట్టి చేతుల్తోనే పోదాం," అన్నాడు ఎజ్రా.

అందరూ దింపారు. ఎజ్రా అన్న లోంజో మాత్రం కదల్లేదు. జర్మనీలో యుద్ధం చేసొచ్చిన మనిషి.

"ఒరేయ్, ఆ తెల్లవాళ్ళూ ఆదివారం యేసు పాటలే పాడతారు. సోమవారం మన వీపులు చీరేస్తారు. రెండో చెంప చూపించమని ఆయన మనకొక్కళ్ళకే చెప్పాడా?"

"వాళ్ళ సంగతి ఆయన చూసుకుంటాడు. నా మాట వినన్నా."

"చిన్నప్పట్నుంచీ నీ నోటికి జడిసే బతుకుతున్నాను కదరా," అని నవ్వి, లోంజో తుపాకీని పాటలవాళ్ళ బల్ల కిందకి తోశాడు.

కోర్టు మెట్ల మీద గొడ్డలి కామలు పట్టుకుని తెల్లవాళ్ళు నిలబడి ఉన్నారు. ముందున్నవాడు డబ్ హార్క్‌నెస్. పెట్రోలు బంకు యజమాని, షెరీఫు బావమరిది. పోలీసులు పక్కనే సిగరెట్లు కాలుస్తున్నారు.

"ఏరా లోంజోగా, ఎక్కడికి ఊరేగింపు? పత్తిచేలో కలుపు మీ అమ్మ తీస్తుందా?"

"ఓటెయ్యడానికొచ్చాం హార్క్‌నెస్ గారూ. దారివ్వండి."

డబ్ లోంజో పక్కనున్న ముసలమ్మ సాడీ మీదికి కామ ఎత్తాడు. లోంజో అడ్డం వెళ్ళాడు. మొదటి దెబ్బకి చెవి చీలింది. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద కూలాడు. వెనక ట్రక్కులోంచి ముసలివాళ్ళని దింపుతున్న ఎజ్రా అరుపులు విని పరిగెత్తుకొచ్చేసరికి అన్న తల మెట్టు మీద పగిలి ఉంది. డబ్ ఇంకా కొడుతూనే ఉన్నాడు. లోంజో భార్య ఐడెల్లా ఆ తలని ఒళ్ళోకి లాక్కుంటే ఆమె చేతుల మీదా దెబ్బలు పడ్డాయి.

శవాన్ని చర్చికి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఎజ్రా ఏడవలేదు. వంగి అన్న తుపాకీ తీసుకున్నాడు. గుమ్మంలో ఐడెల్లా అడ్డంగా నిలబడింది. గౌను నిండా మొగుడి నెత్తురు.

"ఎక్కడికి?"

"డబ్ దగ్గరికి. తప్పుకో వదినా."

ఆమె వాపెక్కిన చేత్తోనే అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"నీ మాట నమ్మి తుపాకీ దింపాడ్రా ఆయన! ఇప్పుడా మాట నువ్వే మారిస్తే నా మొగుడు దేనికోసం చచ్చినట్టు? చెప్పు పాస్టరూ!"

ఎజ్రా శత్రువుల్ని ప్రేమించమని ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చాడు. ఆ మాట ఇంత ఖరీదు అడుగుతుందని ఏనాడూ అనుకోలేదు. వదిన మీద కోపమొచ్చింది, దేవుడి మీద అంతకన్నా కోపమొచ్చింది. గుండెలో డబ్‌ని ఎన్నిసార్లు చంపాడో అతనికే తెలియదు. చివరికి తుపాకీ చేతిలోంచి జారి నేల మీద పడింది.

"పోలింగు ఇంకా అవలేదు. నేను ఓటు వెయ్యాలి. పద," అంది ఐడెల్లా.

వాళ్ళిద్దరూ బయల్దేరితే, వెనకాల సంఘమంతా లేచింది.

"ఇంకో శవం కావాల్రా మీకు?" అన్నాడు కోర్టు మెట్ల మీంచి డబ్.

ఈసారి ముందున్నది ఎజ్రా. కుడి భుజం మీద పడ్డ దెబ్బకి ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. పడ్డాడు, లేచాడు. ఇంకో దెబ్బకి పళ్ళు ఊడి నోరంతా నెత్తురైంది. మళ్ళీ లేచాడు. "ఆగకు వదినా, నడువు," అన్నాడు. ఐడెల్లా అతన్ని దాటుకుని, డబ్‌ని దాటుకుని మెట్లెక్కింది. చావు కబురు విని పట్నం నుంచి పత్రికలవాళ్ళు అప్పుడే దిగుతున్నారు. ఒక పోలీసు డబ్ చెయ్యి పట్టుకుని, "చాల్లేవోయ్, కెమెరాలొచ్చాయి," అన్నాడు.

ఎజ్రా ఎడమచేత్తో, వంకరటింకరగా, ఓటు గుర్తు పెట్టాడు.

షెరీఫు ఓడిపోయాడు. గెలిచినవాడూ తెల్లవాడే, కానీ జైల్లో నల్లవాళ్ళని కొట్టడం మాన్పించాడు. లోంజోని చంపిన కేసులో డబ్‌ని మాత్రం పన్నెండుమంది తెల్లవాళ్ళ జ్యూరీ మధ్యాహ్నం భోజనంలోపే నిర్దోషని వదిలేసింది. మరుసటి ఆదివారం అతను తన చర్చిలో ఎప్పట్లాగే పాడాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

ఆ కబురు విన్నాక ఎజ్రా వదిన దగ్గర కూర్చుని, "వాణ్ణి క్షమించమని కలిసి ప్రార్థన చేద్దామా?" అని అడిగాడు.

"ఆ మాట నా నోటితో పలికించకు. నీ చేతుల్తో వాణ్ణి చంపనివ్వలేదు. నా చేతనైంది అంతే," అంది ఐడెల్లా.

ఎజ్రా బలవంతపెట్టలేదు. ఆ తర్వాత శత్రువుల్ని ప్రేమించమన్న వాక్యం చదివినప్పుడల్లా ఆమె కూర్చున్న వైపు చూడలేకపోయేవాడు. చదవడం మాత్రం మానలేదు.