కొసకు అందని కరెంటు

సాయంత్రమైతే చాలు, వీధి చివరింట్లో పిండిమర నడిపే చెల్లెలికి ఒళ్ళు మండిపోయేది. ట్రాన్స్‌ఫార్మరు వీధి మొదట్లో, ఆమె సొంత అక్క ఇంటి పక్కనే ఉంది. అక్కడ రెండొందల ముప్పై ఉండే ఓల్టేజి ఇల్లిల్లూ దాటి ఇక్కడికొచ్చేసరికి నూట డెబ్బైకి పడిపోయేది. అందరూ దీపాలు వేసుకునే వేళకు మోటారు మూలగడమే తప్ప తిరిగేది కాదు. సంచులతో వచ్చినవాళ్ళు, కరెంటును ఆమే కొంగున ముడేసుకుని దాచినట్టు చూసేవారు.

మోటారు కాయిల్ రెండోసారి కాలిపోయిన రోజున ఆమె కరెంటాఫీసుకు పోయి, లైన్‌మాన్‌ను వెంటబెట్టుకునే వచ్చింది. అతను సరఫరా ఆపి, ట్రాన్స్‌ఫార్మరులో ఓల్టేజి ఒక మెట్టు పెంచాడు. మర బుద్ధిగా తిరిగింది. అదీ మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. మొదటింట్లో బల్బులు టపటపా మాడిపోయాయి, వాటి వెనకే ఫ్రిజ్జూ పోయింది.

అక్క చేతిలో చీపురుతోనే వచ్చేసింది.

"నీ మర తిరగడానికి నా కొంప కాలాలటే?"

"నీకేమో పొంగి పొర్లుతోంది, నాకేమో గొంతు తడవట్లేదు. నన్నేం చెయ్యమంటావే అక్కా?"

లైన్‌మాన్ మళ్ళీ మెట్టు దించాడు. పెంచమని చెల్లెలు, పెంచితే ఊరుకోనని అక్క. అతని పని ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. చివరికి ఇంజనీరమ్మ వచ్చి తీగ పొడుగునా నడిచి చూసింది. వీధి పొడుగు, వాడకం ఎక్కువ, ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మెట్లు ఎంత తిప్పినా ఏదో ఒక కొస ఏడవక తప్పదంది. రెండోది కావాలి. పెద్ద లైను మర వెనకనుంచే పోతోంది కాబట్టి మర పక్క ఖాళీజాగా అయితే మేలంది.

ఆ జాగా చెల్లెలిదే. అందులో షెడ్డు వేసి మరను ఇంట్లోంచి మార్చాలని ఆమెకు ఎన్నాళ్ళనాటి కోరిక. పక్కబట్టల నిండా పిండి దుమ్ముతో ఆమె విసిగిపోయింది. తిరిగి తిరిగి తన నెత్తినే పడాలా అని మండిపడి, వీధి మధ్య ఇళ్ళవాళ్ళను దానికి చోటడగడానికి బయల్దేరింది. పోయిన ఫ్రిజ్జు మీద బెంగతో అక్కా వెంట నడిచింది. ఒకరు మోత పడలేమన్నారు. ఒకరు పిల్లలున్నారన్నారు. ఒకాయన మినుకుమినుకుమంటున్న బల్బు కింద నిలబడి, తమకు ఓల్టేజి బ్రహ్మాండంగా ఉందన్నాడు. అక్క అందరినీ కడిగిపారేసింది.

తిరిగి వస్తూ మెల్లగా అంది: "వాళ్ళని తిట్టడానికి నాకు నోరుంది. జాగా మాత్రం నీకే ఉందే."

చెల్లెలు మర్నాడు ఇంజనీరమ్మ దగ్గరికెళ్ళి, నా జాగాలోనే పెట్టుకోండి, ఇంకెవర్నీ అడగొద్దు అని చెప్పి వచ్చేసింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు బిగించాక పాతదాన్ని కిందిమెట్టులోనే ఉంచారు. మర ఏ వేళైనా ఉరుకులు పెట్టింది. పనితోపాటు దుమ్మూ రెట్టింపైంది. తుమ్మినప్పుడల్లా చెల్లెలు ఇంజనీరమ్మనీ, లైన్‌మాన్‌నీ, వీధినీ, తన మెతకతనాన్నీ కలిపి తిట్టుకునేది.

ఒక మధ్యాహ్నం అక్క చంకలో మూటతో వచ్చింది. పాత దుప్పట్లు రెండు పొరలుగా కుట్టిన తెర అది. మరకూ పడగ్గదికీ మధ్య కట్టుకోమంది.

"ఇదేం రంగే, కళ్ళు పోయేట్టుంది," అంది చెల్లెలు.

అంటూనే స్టూలెక్కి, మేకులు అందివ్వమని చెయ్యి చాపింది.