గురువుగారి ఖాళీ ఆసనం

అందరూ కళ్లు మూసుకున్నాక తమ్ముడు ఏం చేస్తాడన్న అనుమానం అక్కను పురుగులా తొలుస్తోంది.

సముద్రాలు దాటి పడమటి దేశానికొచ్చి ధ్యానం నేర్పుతున్న గురువు ఆ తమ్ముడు. పెళ్లి మాటెత్తనివ్వని మనిషికి వండిపెట్టడం, పంచెలు ఉతకడం, వచ్చినవాళ్ల కోట్లు వసారాలో తగిలించడం అక్క పని. మావాడు నిప్పు అని అందరికీ తనే చెప్పుకొచ్చింది. వాడు తప్పు చేస్తే పోయేది తన పరువు కూడా.

క్లాసులో ఒకటే నియమం. గురువు గంట కొట్టేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. మొన్న వెనక వరసలో కూర్చుని కునుకు పట్టిన అక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఎదురుగా ఆసనం ఖాళీ. ఎప్పుడొచ్చాడో, గంట మోగేసరికి మాత్రం ఏమీ ఎరగనట్టు పద్మాసనంలో నవ్వుతూ ఉన్నాడు.

అప్పటినుంచి అన్నీ అనుమానాలే. వెనకగదికి లోపలి గడియ ఎందుకు? ఆరేసిన తువ్వాలు మళ్లీ ఎలా తడుస్తోంది? ఆ గది పక్కనే, గోడ వారన కూర్చునే శిష్యురాలు, ఆ టైపిస్టావిడకు రోజూ అదే చోటు ఎందుకు కావాలి?

ఇవాళ ఒంటికన్ను తెరిచే కూర్చుంది. టైపిస్టు కదల్లేదు. తమ్ముడే గోడ పట్టుకుని పిల్లిలా జారుకున్నాడు. అక్క వెనకే వెళ్లి, గడియ పడేలోపు తలుపు తోసింది.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని, పంచె ఎగ్గట్టి, వేడినీళ్ల తువ్వాలు మోకాళ్లకు చుట్టుకుంటున్నాడు. మోకాళ్లు బంతుల్లా వాచి ఉన్నాయి.

"ఎన్నాళ్లనుంచిరా ఇది?"

"మెల్లగా అక్కా, వింటారు. కింద కూర్చోలేనివాడు మనకేం నేర్పుతాడని రేపట్నుంచి ఒక్కరూ రారు."

"నేనింకా ఆ టైపిస్టుతో ఏమైనా..."

"ఛీ. ఆవిడకు మనవలున్నారు."

"ఉంటే? దొంగలా తిరిగేవాణ్ణి ఏమని నమ్మమంటావు?"

మర్నాడు అక్క ఆసనం తీసేసి వంటింటి కుర్చీ వేసింది. తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. అందరూ కుర్చీనే చూస్తున్నారు.

"కూర్చో. లేకపోతే నేను చెప్తా," అంది గొంతు తగ్గించి.

తమ్ముడు కూర్చున్నాడు. నేల చూపులు చూస్తూ, "నాకు మోకాళ్ల నొప్పులు. ఇకనుంచి ఇలాగే కూర్చుంటాను," అన్నాడు.

ఎవరూ లేచిపోలేదు. గోడ వారనుంచి టైపిస్టు చెయ్యెత్తింది.

"ఇంకో కుర్చీ ఉందాండీ? ఇన్నాళ్లూ ఈ గోడే నన్ను మోసింది."

అక్క ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఎందుకైనా మంచిదని అక్క ఒంటికన్ను తెరిచింది.

కుర్చీలోంచి తమ్ముడు ఒంటికన్నుతో తననే చూస్తున్నాడు.