ఇక్బాల్ బీ ఇత్తడి బిళ్ల

మర్రిగూడ ఇక్బాల్ బీ దగ్గర ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల ఉండేది ఆమె రేకుపెట్టెలోనే గాని, దాని విలువంతా నల్లగొండలో ఉండేది. అక్కడ గాజులు టోకుగా అమ్మే అంజయ్య సేటు, తను నమ్మిన వాళ్లకు మాత్రమే ఇచ్చే బిళ్ల అది. రూపాయంత గుండ్రంగా ఉంటుంది, నడుమ చిల్లు, పక్కన ఒక అంకె. దాన్ని చూపిస్తే చేతిలో పైసా లేకున్నా గంపెడు గాజులు ఎత్తుకురావచ్చు, అమ్ముకున్నాక కట్టవచ్చు. బిళ్ల ఉన్నవాళ్లు దుకాణం లోపల చాప మీద కూర్చుని గాజులు ఏరుకుంటారు. లేనివాళ్లు బయట మెట్టు మీద నిలబడి, నగదు చెల్లించి, సేటు మనిషి ఏది కట్టిస్తే అది తెచ్చుకుంటారు.

అంత మర్యాద ఊరికే వస్తుందా? ఏటా దీపావళికి, సేటు లక్ష్మీపూజ చేసేనాడు, బిళ్ల ఉన్న ప్రతివాళ్లూ వెళ్లి బిళ్ల మామూలు కట్టాలి. ఆ ఏడు సరుకు తీసుకున్నా, తీసుకోకున్నా అంతే. పైగా బిళ్ల మీద ఇచ్చే గాజుల ధర నగదు ధరకంటే ఎక్కువ. ఇదేం న్యాయమని అడిగిన మనిషి ఇంతవరకు లేదు. పూజనాడు పైసల దగ్గర బేరమాడితే లక్ష్మికి కోపం వస్తుందని అందరి భయం. హిందువులూ ఆ భయానికి నోరు మూసుకునేవాళ్లు, తురకలూ మూసుకునేవాళ్లు. పండుగ దాటాక మళ్లీ దీపావళి దాకా ఆ మామూలు సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. సేటు అదృష్టం అలాంటిది.

ఇక్బాల్ బీ కోడలు హనీఫాకు మాత్రం ఆ బిళ్లను చూస్తేనే ఒళ్లు మండేది. ఎందుకు మండదు? ఆ ఇంటి పరువు పోయింది ఆ బిళ్ల మీదే. హనీఫా పెనిమిటి మెహమూద్ ఒకప్పుడు దర్గా ఉర్సులో దుకాణం పెడతానని, తల్లి బిళ్ల చూపించి, సేటు దగ్గర ఎన్నడూ తేనంత సరుకు తెచ్చాడు. తాడుకు గుత్తులుగా గుచ్చిన గాజుల మలారాలన్నీ గడ్డి చుట్టి, మూటలు కట్టి, బస్సు పైకి ఎక్కించాడు. మంచి పిల్లవాడే, ఆరాటం ఎక్కువ. మూటలు పైనే ఉంచి తను కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. మధ్యలో ఏదో ఊరి దగ్గర ఎవరో బియ్యం బస్తాలు తెచ్చి ఆ మూటల మీదే వేశారు. ఉర్సులో మూట విప్పితే, దేవుడా, రంగురంగుల పెంకులు. మెహమూద్ ఆ పెంకుల ముందు కూర్చుని ఏడ్చాడట. ఆ తర్వాత గాజుల గంప ముట్టలేదు, ఊళ్లో సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు.

అప్పటినుంచి ఆ సరుకు బాకీ అత్తా కోడలూ కడుతూ వచ్చారు. సేటు బిళ్ల మీద సరుకు ఇవ్వడం ఆపేశాడు గాని, దీపావళి మామూలు మాత్రం ఆపలేదు. చాప మీద కూర్చున్న ఇక్బాల్ బీ మెట్టు మీదికి వచ్చింది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి, మెట్టు మీద నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. దాంతో నల్లగొండకు హనీఫా ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. సేటు ఆమెను పేరుతో పిలిచేవాడు కాదు. "ఓ మెహమూద్ ఇంటిదానా" అనేవాడు. ఆ పిలుపు వినపడినప్పుడల్లా హనీఫాకు ఆ పెంకులన్నీ తనే పగలగొట్టినట్టు తల వంగిపోయేది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు అమ్మకాలు బాగా సాగాయి. ఊరూరా తిరిగి, తెచ్చిన సరుకంతా అమ్మి, దసరా వెళ్లేసరికి సేటు బాకీ పూర్తిగా తీర్చేశారు. తీర్చిన రోజు హనీఫా ఇంటికొచ్చి, చేటలో బియ్యం ఏరుతున్న అత్త పక్కన కూలబడి, ఇక ఆ బిళ్లను సేటు మొహాన కొట్టి వస్తానంది. ఇంకేం మిగిలిందని మామూలు కట్టడం? ఎవరికీ బాకీ లేకపోవడమే మంచి పేరు కాదా? నల్లగొండలో భిక్షపతి అని ఒక కుర్రాడు కొత్త దుకాణం పెట్టాడు, ధర తక్కువ, మామూలు గీమూలు లేవు. మాఘమాసం పెళ్లిళ్లకు అక్కడే అరువుకు తెస్తానంది.

ఇక్బాల్ బీ బియ్యంలోంచి రాయి ఏరి పక్కకు వేసింది. ఆ బిళ్ల మెహమూద్ తన కడుపులో ఉన్నప్పుడు వచ్చిందని మాత్రం అంది. ఇంతకుముందు నూరుసార్లు చెప్పిన మాటే.

"ఉంటే ఏమాయె అమ్మీ? గా బిళ్లకు నువ్వు కట్టిన మామూళ్లతోని ఒక బర్రె వచ్చేది."

"వచ్చేది బేటీ. బర్రె ఎండిపోయేది గూడ," అంది ఇక్బాల్ బీ. అంతకుమించి వద్దనలేదు. లేచి, పెట్టె తీసి, బిళ్ల తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ఇవ్వడమైతే ఇచ్చింది గాని, వేళ్లు దాని మీదినుంచి రావడానికి జర సేపు పట్టింది. హనీఫా అది చూసింది. చూసి కూడా కొంగున ముడివేసుకుంది. ఆమెకూ మొండితనం తక్కువేం కాదు.

మర్నాడు నల్లగొండలో దిగగానే, ముందు భిక్షపతి దుకాణానికి పోయింది. కొత్త సరుకు ఖాయం చేసుకుని, తర్వాత పాత సేటు దగ్గరికి పోయి బిళ్ల పడేసి రావాలని ఆమె లెక్క. భిక్షపతి మర్యాదగా మాట్లాడాడు, అక్కా అన్నాడు, చాయ్ తెప్పించాడు. గాజులు చూపించాడు. మంచి సరుకు, చవక. అరువు అనేసరికి మాత్రం కొంచెం వెనక్కి జరిగాడు. ఏ దుకాణంలో తెస్తారు, ఎన్నేండ్లుగా తెస్తున్నారు అని అడిగాడు. హనీఫా కొంగు ముడి విప్పి బిళ్ల చూపించింది. ఆ అంకె చూడగానే కుర్రాడి ముఖం వెలిగింది. ఇంత పాత అంకె ఉన్న బిళ్ల తను ఎప్పుడూ చూడలేదన్నాడు. అంజయ్య సేటు అన్నేండ్లు నమ్మిన ఇల్లంటే తను ఇంకేం అడగనక్కర్లేదు, కావాల్సినంత ఏరుకోమన్నాడు.

హనీఫా అక్కడ ఊరుకుంటే సరిపోయేది. సంతోషం పట్టలేక, ఈ దరిద్రపు బిళ్లను ఇవాళే తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పేసింది. భిక్షపతి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అట్లయితే నగదే ఇయ్యాలె అక్కా. తప్పుగ అనుకోకు. బిళ్ల ఇచ్చేసినంక నీ గురించి నేనెవల్ని అడగాలె?"

బాకీ లేదు కదా అంది హనీఫా. బాకీ లేనోళ్లు బజారు నిండా ఉన్నారని, వాళ్లందరికీ తను అరువు ఇవ్వలేడు కదా అని కుర్రాడు నొచ్చుకుంటూనే చెప్పాడు. ఆమె బయటికి వచ్చి, అంజయ్య సేటు దుకాణం దాకా నడిచి, మెట్టు ముందు ఆగింది. బిళ్ల చేతిలోనే ఉంది. లోపలికి విసిరేస్తే మామూలు బాధ ఇవాళ్టితో తీరుతుంది. విసిరేస్తే పెళ్లిళ్ల సరుకూ ఉండదు, ఏ దుకాణంలోనూ తమకో పేరూ ఉండదు. ఎటూ తేలక, బిళ్లను మళ్లీ కొంగున ముడివేసుకుని, ఖాళీ గంపతో బస్సెక్కింది.

ఇంటికొచ్చి అంతా అత్తకు చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఉంచుకుంటే మామూళ్లు, ఇచ్చేస్తే మట్టి, ఇదేం పీడ అమ్మీ అంది. ఇక్బాల్ బీ కోడలి తల ఒళ్లో పెట్టుకుని, దువ్వెనతో జుట్టు చిక్కులు తీస్తూ చాలాసేపు కూర్చుంది. తీశాక అడిగింది, పుష్పమ్మ ఎప్పుడన్నా మన గాజులు ఖరీదని అంటే నేనేం చేస్తానని.

హనీఫాకు తెలుసు. మర్రిగూడ పుష్పమ్మ గాజులు వేయించుకునేటప్పుడల్లా ధర ఎక్కువ చెబుతున్నావు బూబమ్మా, పక్కూరి వాళ్ల దగ్గర వేసుకుంటాననేది. ఇక్బాల్ బీ ఆమె చేయి వదిలేదే కాదు. వేళ్లు ఒత్తుతూ, మాట్లాడుతూ, ధర తగ్గించి, చేతికి ఎక్కేటప్పుడు పగిలిన గాజు తన లెక్కలోనే వేసుకుని, వేసి పంపేది. అన్నేండ్ల చేయిని ఎవరు పోగొట్టుకుంటారు?

"సేటుకు గూడ నేను గట్లాంటి చెయ్యినే బేటీ. ఇన్నేండ్లు అడగకుంట కట్టిన. పండుగ నాడు నోరు తెరవొద్దని ఊకున్న. పండుగ ఇంక రాలే గద."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అని హనీఫా నోరు తెరుచుకుని చూసింది. నిజానికి ఆ సంగతి నల్లగొండ చుట్టుపక్కల గాజులోళ్లెవరికీ అంతవరకు తట్టలేదు.

దీపావళి ముందరి గురువారం అత్తాకోడళ్లిద్దరూ బస్సెక్కారు. ఇక్బాల్ బీని ఎక్కించడానికి కండక్టరు ఒక చేయి, హనీఫా ఒక చేయి పట్టాల్సి వచ్చింది. దుకాణం దగ్గర ఆమె మెట్టు మీద, గోడకు ఆనుకుని, కాళ్లు బారజాపుకుని కూర్చుంది. చాలా రోజులకు ఆమెను చూసిన సేటు గద్దె దిగి గడప దాకా వచ్చాడు. మోకాళ్లెట్లున్నాయని అడిగాడు. మీ ఊరి నీళ్లు మీ కొంపలు తీస్తున్నాయని నొచ్చుకున్నాడు. మనిషి పిసినారి గాని, చెడ్డవాడు కాదు.

ఇక్బాల్ బీ కుశలాలన్నీ అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా సంగతి ఎత్తింది. బస్సు మీద పగిలిన గాజుల బాకీ ఎగ్గొట్టి ఊరు విడిచిన వాళ్లను సేటు చూశాడా లేదా? చూశాడు. తాము ఎగ్గొట్టారా? లేదు. సరుకు ఇవ్వని ఏళ్లలో కూడా మామూలు కట్టారా లేదా? కట్టారు. అయితే ఇక ఈ ఏటినుంచి మామూలు తీసెయ్యమంది. లేకపోతే బిళ్ల ఇక్కడే పెట్టి పోతామంది.

సేటు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. ఇన్నేండ్లలో ఎన్నడూ అడగలేదేమని అడిగాడు.

"నీ పండుగ ఖరాబు చెయ్యొద్దని అడగలే."

సేటు మెడలో కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. లోపల చాప మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు చేతిలో గాజులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. పిసినారి మనసు ఎంత కొట్టుకుందో ఏమో గాని, చివరికి సరే అన్నాడు. మామూలు ఉండదు, బిళ్ల ఉంటుంది, మళ్లీ సరుకు కూడా ఇస్తానన్నాడు. హనీఫా ఊపిరి పీల్చుకుంది. ఇక లేద్దామన్నట్టు అత్త చేయి పట్టుకోబోయింది. ఇక్బాల్ బీ లేవలేదు.

"ఇంకొకటున్నది సేటూ. గా బిళ్ల నా కోడలు పేరు మీద రాయి."

మెహమూద్ పేరు మీద అయితే రాస్తానన్నాడు సేటు, కొడుకు కదా అని. ఇక్బాల్ బీ తల అడ్డంగా ఊపింది. ఎండలో గంప మోసిందీ, బాకీ తీర్చిందీ కోడలంది. అయితే కోడలికి కొత్త అంకెతో కొత్త బిళ్ల ఇస్తానన్నాడు సేటు, మనిషి మారితే అంకె మారడం పద్ధతి అన్నాడు.

"కొత్తది ఏం జేసుకుంటది? దాన్ని చూస్తే ఎవలు నమ్ముతరు? నా అంకెనే ఉండాలె. నా బంగారమంత నా బిడ్డల పెండ్లిళ్లకే పోయింది సేటూ. దీనికి ఇయ్యనీకి నా దగ్గర ఇంకేం లేదు. నేను నడిచిన యేండ్లున్నయి. గవి దీనికియ్యి."

హనీఫా గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త బిళ్ల మీద మమకారంతో, ముసలితనపు చాదస్తంతో పట్టుకు వేలాడుతోందనే ఇన్నాళ్లూ అనుకుంది. మొన్న తన చేతిలో పెట్టేటప్పుడు ఆ వేళ్లు ఎందుకు ఆగాయో ఇప్పుడు తెలిసింది. అయినా అడ్డం చెప్పకుండా ఇచ్చింది కదా ఈ పిచ్చితల్లి అనుకుంది.

సేటు చెయ్యి చాపి బిళ్ల తీసుకున్నాడు. లోపలికి పోయి, లక్ష్మి పటం ముందు ఒక్క క్షణం ఉంచి, కండువా కొసతో రుద్ది, తెచ్చి హనీఫా చేతిలో పెట్టాడు.

"ఎండల నిలబడ్డవేంది హనీఫా? లోపలికి రా. చాప మీద కూసోని ఏరుకో."

హనీఫా గడప దాటింది. చాప అంచున, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు, ఒదిగి కూర్చుంది. ముందు గాజుల మలారాలు రాశి పోశారు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, బంగారు చుక్కలవి. ఏది తీయాలో తోచక వెనక్కి తిరిగి చూసింది. ఇక్బాల్ బీ మెట్టు మీదే ఉంది. మోకాళ్లు వంగవు, చాప మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని, తను ఒకప్పుడు కూర్చున్న చోట కోడలు కూర్చోవడం చూస్తూ, కొంగుతో విసురుకుంటోంది.

"అమ్మీ, ఏ రంగు తియ్యాలె?" అని అడిగింది హనీఫా.

"నన్నెందుకు అడుగుతవు? బిళ్ల నీది," అని ఇక్బాల్ బీ ముఖం వీధి వైపు తిప్పుకుంది. తిప్పుకుందే గాని ఎంతసేపు ఉండగలదు? ఇంకో మలారం గలగలమనేసరికి మళ్లీ ఇటు తిరిగి, పచ్చవి జర ఎక్కువ తియ్యమని, పుష్పమ్మ బిడ్డ కడుపుతో ఉన్నదని, ఆ పిల్ల చేతులు సన్నగుంటాయి కాబట్టి చిన్న కొలతవి చూడమని చెప్పింది. హనీఫా పచ్చ మలారం ఎత్తి అత్తకు కనబడేలా పట్టుకుంది.