బోంగ్‌చీ వాటా

బోంగ్‌చీ ఎడమచేత్తో మేజోడు నోరు తెరిచి, పాదం ఆకారంలో ఉన్న వేడి రేకు అచ్చుకు తొడిగి, ఒక్క లాగుతో ముడతలు సవరించి, అప్పుడే పక్క అచ్చు వైపు తిరిగింది. ఆవిరి బుస్సుమంది. మనిషి పొట్టి, మెడ మాత్రం నిటారు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. వేళ్ల కొనలు అరిగి అరిగి గాజులా నున్నబడ్డాయి. షెతౌ ఊళ్లో మేజోళ్లకు ఇస్త్రీ పెట్టడంలో తనకన్నా చేయి తిరిగినవాళ్లు లేరని ఆమె నమ్మకం. ఆ మాట ఎవరైనా కాదంటే వినేదీ కాదు.

ఆ రోజు మిల్లులో యజమాని పనివాళ్లకిచ్చే ఏడాది చివరి విందు. మామూలుగా అయితే పొద్దున్నుంచే మిల్లంతా కేకలూ నవ్వులూ. ఈసారి యంత్రాల చప్పుడే వినిపిస్తోంది. ఆర్డర్లన్నీ సముద్రం దాటి చైనాకు పోతున్నాయి, ఒకరిని తీసేస్తారని అందరికీ తెలుసు. తీసేసే మాట మావైపు యజమాని నోటితో అనడు. విందులో ఉడికించిన కోడిని తలతో సహా పళ్లెంలో పెట్టి, ఆ తల ఎవరి వైపు తిప్పితే వాళ్లు కొత్త సంవత్సరం తర్వాత పనిలోకి రానక్కర్లేదు. మర్యాదైన పద్ధతే అంటారు. మర్యాద ఎవరికో అడగకూడదు.

"అక్కా, పొద్దున ఓనరు నావంక చూడకుండా వెళ్లిపోయాడు. నేనేనంటావా?" పక్కన జతలు కలుపుతున్న శ్యూలాన్ అడిగింది. అందరికన్నా చివర చేరిన పిల్ల. భర్త నడుం విరిగి మంచాన ఉన్నాడు, ఇంట్లో పాలు తాగే పసిది.

"చూడకపోతే ఏమైందే, నిన్ను పెళ్లిచూపులకొచ్చాడా? చేతులాడించు."

శ్యూలాన్ నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

పొద్దుగూకేవేళ యంత్రాల మధ్యే గుండ్రటి బల్ల వేశారు. యజమాని లియావ్ కోడి పళ్లెం తనే మోసుకొచ్చాడు. బల్లమీద పెట్టి, ఎటో చూస్తూ, దాన్ని కొంచెం తిప్పి వదిలేశాడు. కోడితల శ్యూలాన్ వైపు ఆగింది. ఎవరూ తలెత్తలేదు. శ్యూలాన్ అన్నం తినే పుల్లలు బల్లమీద పెట్టి చేతులు ఒళ్లో దాచుకుంది.

బోంగ్‌చీకి ఆ కోడితల కొత్త కాదు. నడక రాని వయసులో కన్నవాళ్లు ఆమెను కావిడి బుట్టలో వేసుకుని వెళ్లి ఇంకో ఇంటికి పెంపకానికి ఇచ్చేశారు. ఆమె పేరుకు అర్థమే 'సరే, ఎలాగోలా పెంచుదాం' అని. ఆ ఇంట్లో పండగకు తొడలు మగపిల్లలకు, రొమ్ము పెద్దలకు, తల ఆమెకు. మొదటిసారి ఏడ్చింది. ఇంటి ముసలమ్మ దగ్గరకు తీసుకోలేదు, కళ్లు తుడవలేదు. "ఏడుస్తూ తింటే అది మేం పారేసిన ముక్క. ముందే చేయిచాచి అడిగావంటే నీ వాటా. ఏది కావాలో నువ్వే చూసుకో" అంది. మళ్లీ పండక్కి పిల్ల అందరికన్నా ముందు గిన్నె చాచింది. ఆ ఇంటి కొడుక్కే తనను కట్టబెట్టబోతే, ముహూర్తం పెట్టకముందే వెళ్లి "నేను మిల్లుకి పోతా" అని చెప్పిందీ ఆమే. ఎవరో తోసేదాకా ఆగే అలవాటు ఆమెకు చిన్నప్పుడే పోయింది.

బోంగ్‌చీ లేచి నిలబడి, పుల్లలతో కోడితల విరిచి తన గిన్నెలో వేసుకుంది.

"అక్కా, అది నీకు కాదు," అన్నాడు లియావ్.

"ఇప్పుడు నాదే. ఒక్కరినే కదా తీసేది?"

అతను అవునని తలూపాడు.

"అయితే నోటితో చెప్పు నాయనా. మీ నాన్న కూడా ఇంతే, జీవితమంతా కోడి వెనకే దాక్కున్నాడు. ఆయన నేర్పలేదని నువ్వు నేర్చుకోకూడదా?"

లియావ్ ముఖం ఎర్రబడింది. భార్య వంక చూశాడు, ఆమె అన్నం వంక చూసింది. చివరికి చేతులు బల్లకు ఆనించి లేచాడు. "బోంగ్‌చీ అక్కా, పండగ తర్వాత నిన్ను పనిలో ఉంచుకోలేను. క్షమించు."

"ఆ. ఇది బాగుంది."

బాధ లేదని కాదు. ఆ ఆవిరి వేడి లేని చలికాలం ఎలా ఉంటుందో ఆమెకు గుర్తు కూడా లేదు. కానీ ఎవరి కాళ్లూ పట్టుకోకుండా పని అడగడం తనకు వచ్చు, మళ్లీ అడుగుతుంది.

"అక్కా, ఎందుకిలా చేశావ్?" శ్యూలాన్ అడిగింది.

"నీకు కోడితల తినడం రాదే. చూడు, ముందు చెంప."

చెంప తింది, నాలుక తింది, తలపుర్రె చీల్చి లోపలిది జుర్రుకుంది. అందరినీ పేరుపేరునా పలకరించి, మెడకు గుడ్డ చుట్టుకుని, వచ్చినట్టే నడిచి వెళ్లిపోయింది.

బల్ల తుడవడానికి వచ్చిన శ్యూలాన్ ఆమె కూర్చున్నచోట ఆగిపోయింది. అక్కడ గిన్నెలో పిసరు కండ లేని చిన్న ఎముకలు తెల్లగా, వాటి పక్కన విడిగా తీసి, ఎవరి వైపూ కాకుండా గోడవైపు తిప్పిపెట్టిన కోడి ముక్కు.